‘వాజ్ రీడింగ్’, ‘రీడింగ్’, ‘హ్యావింగ్ రెడ్’: భూతకాల వాక్యం పక్కన ఏ ‘ఇంగ్’ రూపాన్ని ఎంచుకోవాలి

యంత్రం దగ్గర జరిగిన ఒక ప్రమాదంపై ఇంగ్లీషులో రాసిన నివేదికను సరిచూసే పని ఒకసారి నాకు వచ్చింది. అందులో కీలకమైన వాక్యం ఇది: ‘వైల్ చెకింగ్ ద మెషీన్, ద బెల్ట్ బ్రోక్.’ రాసినవారి మనసులోని తెలుగు వాక్యం దాని వెనుక స్పష్టంగా వినిపిస్తూనే ఉంది: యంత్రాన్ని పరీక్షిస్తుండగా బెల్టు తెగింది. తెలుగులో ఈ వాక్యానికి ఏ లోపమూ లేదు. ఇంగ్లీషు వాక్యం మాత్రం, ఉన్నది ఉన్నట్టుగా చదివితే, యంత్రాన్ని పరీక్షిస్తున్నది బెల్టేనని చెబుతుంది. ఆ సమయంలో యంత్రం మీద ఎవరి చెయ్యి ఉందో తేల్చవలసిన నివేదికలోనే కర్త కనిపించకుండా పోయాడు. రాసినవారికి ఇంగ్లీషు రాక జరిగిన పొరపాటు కాదిది. ఒకే సంఘటనను చెప్పడానికి పక్కపక్కనే నిలిచే నాలుగైదు రూపాల్లో ఏది ఎక్కడ సరిపోతుందో తూచి చూసే అలవాటు మనకు బడిలో ఎవరూ నేర్పలేదు. కాలాల పట్టికను మాత్రం కంఠస్థం చేయించారు.

ఎంపికకు పట్టిక కన్నా రెండు ప్రశ్నలు ఎక్కువగా పనికొస్తాయని నా అనుభవం. రెండు పనులనూ చేసింది ఒకరేనా, లేక ఇద్దరా అన్నది మొదటి ప్రశ్న. రెండో పని జరిగిన క్షణానికి మొదటి పని ఇంకా సాగుతోందా, లేక ముగిసిపోయిందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు మనం మనసులో అనుకునే తెలుగు క్రియ చివరనే చాలావరకు దొరుకుతుంది. ‘చదువుతూ’, ‘చదువుతుండగా’, ‘చదివి’, ‘చదివాక’ అన్న నాలుగు రూపాల మధ్య తేడా ఏ తెలుగువాడికీ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తేడాను ఇంగ్లీషులోకి ఎలా తీసుకెళ్లాలన్నదే ఇక్కడి విషయం.

‘ఇంగ్’కు సొంత కాలం లేదు

ముందుగా ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ‘వాజ్ రీడింగ్’ అన్నప్పుడు భూతకాలాన్ని చెప్పేది ‘వాజ్’ మాత్రమే. ఒంటరిగా నిలిచిన ‘రీడింగ్’ ఏ కాలాన్నీ చెప్పదు. పక్కనున్న ప్రధాన క్రియ నుంచి కాలాన్ని అరువు తెచ్చుకుంటుంది. ‘వాకింగ్ హోమ్, ఐ మెట్ హర్’ అంటే ఇంటికి నడుస్తూ ఆమెను కలిశాను. ‘వాకింగ్ హోమ్, ఐ ఆఫెన్ మీట్ హర్’ అంటే ఇంటికి నడుస్తూ తరచుగా ఆమెను కలుస్తుంటాను. రెండింటిలోనూ ‘వాకింగ్’ మారలేదు, తెలుగులో ‘నడుస్తూ’ కూడా మారలేదు. తెలుగు వ్యాకరణం ‘నడుస్తూ’ను శత్రర్థకమని, ‘నడిచి’ని క్త్వార్థకమని పిలిచి, రెండింటినీ అసమాపక క్రియల్లో చేర్చింది. వాక్యాన్ని అవి ముగించలేవు, కాలాన్ని సొంతంగా చెప్పలేవు. సాధారణంగా వాటి కర్తే ప్రధాన క్రియకూ కర్తగా ఉంటాడు. ఇంగ్లీషు పార్టిసిపుల్‌కు, అంటే ‘వాకింగ్’ లాంటి సొంత కాలం లేని క్రియారూపానికి, చెప్పే నియమమూ సరిగ్గా ఇదే కాబట్టి, మనకు అది కొత్త నియమం కాదు.

అయితే ఇంగ్లీషు ‘ఇంగ్’ రెండు పనులు చేస్తుంది. ‘చదువుతూ’ అన్న అర్థంలోనూ వస్తుంది, ‘చదవడం’ అన్న అర్థంలోనూ వస్తుంది. పాత ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేర్వేరు ప్రత్యయాలు ఉండేవి. పార్టిసిపుల్‌కు ‘ఎండె’ చేరేది, క్రియ నుంచి పుట్టిన నామానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ చేరేది. మధ్యకాలపు ఇంగ్లీషుకు వచ్చేసరికి రెండూ ఒకే ‘ఇంగ్’లో కలిసిపోయాయి. ‘ఆఫ్టర్ రీడింగ్’, ‘బిఫోర్ లీవింగ్’ వంటి చోట్ల వినిపించేది ఆ నామరూపమే. ‘చదవడం తర్వాత’, ‘బయల్దేరడానికి ముందు’ అని మనసులో అనుకుంటే ‘ఆఫ్టర్ రెడ్’ అని రాసే పొరపాటు దగ్గరికి కూడా రాదు.

సాగుతున్న పనా, వరుసగా జరిగిన పనా

ఎక్కువమంది తడబడే ఎంపిక ఇక్కడ ఉంది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం. ఈ మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘వెన్ హి కేమ్, వి వర్ లీవింగ్.’ ‘వెన్ హి కేమ్, వి లెఫ్ట్.’ ‘వెన్ హి కేమ్, వి హ్యాడ్ లెఫ్ట్.’ ఉపవాక్యంలో అక్షరం కూడా మారలేదు. ‘అతను వచ్చినప్పుడు’ అన్నదే మూడింటిలోనూ ఉంది. కాని మొదటి వాక్యంలో అతను వచ్చేసరికి మేము బయల్దేరుతూ ఉన్నాము, గుమ్మంలో ఒకరికొకరు ఎదురుపడి ఉంటాము. రెండో వాక్యంలో అతను వచ్చాక మేము బయల్దేరాము, బహుశా అతని కోసమే ఆగి ఉంటాము. మూడో వాక్యంలో అతను వచ్చేసరికే మేము వెళ్లిపోయాము, అతనికి ఖాళీ ఇల్లు కనిపించింది. స్నేహితుడికి సంజాయిషీ చెప్పుకునే ఉత్తరంలో ఈ మూడింటిలో ఒకదానికి బదులు మరొకటి రాస్తే అర్థమే తలకిందులవుతుంది. అందువల్ల ‘వెన్’ కనిపించగానే ఫలానా కాలమే రాయాలన్న సూత్రాన్ని నమ్మవద్దని నా సలహా. కాలాన్ని నిర్ణయించేది ‘వెన్’ కాదు, ఆ క్షణానికి రెండో పని ఏ దశలో ఉందన్నది.

తెలుగు మనల్ని ఇక్కడే ఒక గోతిలోకి దింపుతుంది. ‘నేను వెళ్లేసరికి అతను చదువుతున్నాడు’ అని మనం సహజంగా అంటాం. ‘చదువుతున్నాడు’ అన్న రూపం ఇప్పుడు సాగుతున్న పనికీ సరిపోతుంది, అప్పుడు సాగుతున్న పనికీ సరిపోతుంది. ఎప్పటి మాటో ‘వెళ్లేసరికి’ అన్నది చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. ‘వెన్ ఐ వెంట్, హి ఈజ్ రీడింగ్’ అన్న వాక్యం మన రాతల్లో పదే పదే కనిపించడానికి మూలం ఇదే. భూతకాల ఉపవాక్యం ఒకటి వాక్యంలోకి అడుగుపెట్టిందంటే, దాని పక్కనున్న ‘ఇంగ్’కు ముందు ‘ఈజ్’ ఉందా, ‘వాజ్’ ఉందా అని ఒకసారి వెనక్కి చూసుకోవాలి.

‘వెన్’కూ ‘వైల్’కూ మధ్య ఎంపిక తేలికైనదే. ‘వైల్’ తన వెనుక సాగే పనిని కోరుకుంటుంది. ‘వైల్ ఐ వాజ్ రీడింగ్, ద ఫోన్ ర్యాంగ్’ అన్నదీ, ‘ఐ వాజ్ రీడింగ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’ అన్నదీ ఒకే సంఘటనను చెబుతాయి. మొదటిదానిలో దృష్టి చదువు మీద మొదలై ఫోను మీద ముగుస్తుంది, రెండోదానిలో చదువు నేపథ్యంగా స్థిరపడ్డాక ఫోను వచ్చి దాన్ని తెంచుతుంది. కథ చెప్పేటప్పుడు నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే నేపథ్యం అలా స్థిరపడ్డాక హఠాత్తుగా జరిగినది వచ్చి దాన్ని తెంచినప్పుడు ఆ హఠాత్తు చదివేవారికి తగులుతుంది. రెండు పనులూ సమాంతరంగా సాగితే రెండు వైపులా ‘ఇంగ్’ వాడవచ్చు: ‘వైల్ షి వాజ్ సింగింగ్, హి వాజ్ టేకింగ్ నోట్స్.’ ఆమె పాడుతుంటే అతను రాసుకుంటున్నాడు. ఎవరి పనీ ఎవరి పనినీ ఆపలేదు.

ఇక ఎంతసేపుగా సాగుతోందన్న మాట వాక్యంలోకి వస్తే ఎంపిక మళ్లీ మారుతుంది. ‘బస్సు వచ్చేసరికి నేను రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ అన్నదాన్ని ‘ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్ వెన్ ద బస్ కేమ్’ అని రాస్తే కాలపరిమితి సరిగ్గా అతకదు. ‘ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్ వెన్ ద బస్ కేమ్’ అని రాయాలి. తెలుగు వాక్యంలో ‘నుంచి’ అన్న మాట వినిపించి, మిగతా వాక్యం భూతకాలంలో ఉంటే, ‘హ్యాడ్ బీన్’ అవసరం చాలావరకు ఉన్నట్టే. ఈ రూపానికి ఇంకో ఉపయోగం ఉంది, అది నాకు ఎంతో ఇష్టమైనది. ‘హర్ ఐస్ వర్ రెడ్ బికాజ్ షి హ్యాడ్ బీన్ క్రయింగ్’ అన్నప్పుడు ఏడుపు ఆగిపోయింది, దాని గుర్తు మాత్రం కళ్లలో మిగిలింది. ‘బికాజ్ షి వాజ్ క్రయింగ్’ అంటే చూసేవారి ఎదుటే ఆమె ఇంకా ఏడుస్తోంది. సహాయక క్రియలో వచ్చిన చిన్న మార్పు ఆ గదిలోకి మనం ఎప్పుడు అడుగుపెట్టామో చెబుతుంది.

పూర్తి ఉపవాక్యమా, ఒంటరి ‘ఇంగ్’ పదబంధమా

మొదట చెప్పిన నివేదిక వాక్యానికి ఇప్పుడు తిరిగి వద్దాం. ‘పరీక్షిస్తూ’ అన్నదానికీ ‘పరీక్షిస్తుండగా’ అన్నదానికీ తేడా ఏమిటో తెలుగు చెవికి వెంటనే తెలుస్తుంది. ‘యంత్రాన్ని పరీక్షిస్తూ బెల్టు తెగింది’ అని ఎవరూ అనరు, ఎందుకంటే ‘తూ’ తన కర్తనే ప్రధాన క్రియకూ కర్తగా కోరుతుంది. ‘తుండగా’కు ఆ పట్టుదల లేదు, అక్కడ ఒకరు, ఇక్కడ ఇంకొకరు ఉండవచ్చు. ఈ తేడానే కొలబద్దగా పెట్టుకోండి. మీ తెలుగు వాక్యంలో ‘తూ’ పెట్టినా బాగుంటే ఇంగ్లీషులో కర్త లేని ‘ఇంగ్’ పదబంధం నిలుస్తుంది. ‘తుండగా’, ‘తుంటే’ మాత్రమే సరిపోతూ ‘తూ’ పొసగకపోతే, ఇంగ్లీషులో కర్తనూ ‘వాజ్’నూ చేర్చి పూర్తి ఉపవాక్యమే రాయాలి. ఆ నివేదికలో చివరికి స్థిరపడిన వాక్యం ఇలా ఉంది: ‘వైల్ ద ఆపరేటర్ వాజ్ చెకింగ్ ద మెషీన్, ద బెల్ట్ బ్రోక్.’ ఆపరేటరే పరీక్షించాడా, లేక పైఅధికారి పరీక్షించాడా అని రాసినవారిని అడిగి తెలుసుకున్నాకే ఆ మాట చేర్చగలిగాను. వాక్యంలోని ఖాళీ సమాచారంలోని ఖాళీయేనని అప్పుడు అర్థమైంది.

కొలబద్ద ఒక చోట మాత్రం మనల్ని మోసం చేస్తుంది, అది ‘తూ’ దగ్గర కాదు, ‘చేసి’ దగ్గర. ‘వాన పడి వాగు పొంగింది’ అన్నది నిఖార్సయిన తెలుగు వాక్యం. పడింది వాన, పొంగింది వాగు, కర్తలు ఇద్దరు. మొదటిది రెండోదానికి కారణమైనప్పుడు క్త్వార్థకం ఈ స్వేచ్ఛ తీసుకుంటుంది. దీన్ని నమ్ముకుని ‘రెయినింగ్ హెవిలీ, ద స్ట్రీమ్ రోజ్’ అని రాస్తే, కురిసింది వాగే అని ఇంగ్లీషు చదువరి చదువుకుంటాడు. కర్తను తన దగ్గరే ఉంచుకున్న పదబంధం ఇంగ్లీషులోనూ లేకపోలేదు: ‘ద రెయిన్ హ్యావింగ్ స్టాప్డ్, వి సెట్ ఔట్.’ వ్యాకరణపరంగా అది నిర్దోషమే, కాని మాటల్లో ఎవరూ వాడని గ్రాంథికపు వాసన దానికి ఉంది. మామూలు ఉత్తరంలోనో, నివేదికలోనో ‘యాజ్ ద రెయిన్ హ్యాడ్ స్టాప్డ్, వి సెట్ ఔట్’ అన్నదే మేలు. కారణం చెప్పేటప్పుడు కర్తలు వేరైతే ‘బికాజ్’, ‘యాజ్’, ‘సిన్స్’ వైపు వెళ్లండి. ‘ఇంగ్’ను అక్కడ బలవంతపెట్టవద్దు.

కర్త ఒకరే అయినప్పుడు ‘వైల్ రీడింగ్, ఐ నోటిస్డ్ ఎ మిస్టేక్’ అన్నా, ‘వైల్ ఐ వాజ్ రీడింగ్, ఐ నోటిస్డ్ ఎ మిస్టేక్’ అన్నా సరైనవే. మొదటిది రాతకు బిగువునిస్తుంది, రెండోది మాటలో హాయిగా ఉంటుంది. ఉపవాక్యం ముందు వస్తే తర్వాత కామా పెట్టాలి. వెనుక వస్తే సాధారణంగా అక్కరలేదు. ‘వినగానే’ వంటి చోట ‘వెన్ హియరింగ్’ అని రాయకూడదు. ‘ఆన్ హియరింగ్ ద న్యూస్, షి సాట్ డౌన్’ అనవచ్చు, లేదా ‘యాజ్ సూన్ యాజ్ షి హర్డ్ ద న్యూస్, షి సాట్ డౌన్’ అనవచ్చు. మొదటి రూపం కాస్త గంభీరంగా ఉంటుంది, రెండోది ఎక్కడైనా చెల్లుతుంది.

‘చదివి’ అన్నదానికి రెండు జవాబులు

తెలుగు ‘చదివి’ ఒక్కటే రెండు పనులు చేస్తుంది. ‘తలుపు తెరిచి లోపలికి వచ్చాడు’ అన్నప్పుడు తెరవడానికీ రావడానికీ మధ్య ఎడం లేదు. ‘ఐదేళ్లు న్యాయశాస్త్రం చదివి దాన్ని వదిలేశాడు’ అన్నప్పుడు ఒక పని పూర్తిగా ముగిశాక ఇంకొకటి మొదలైంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. మొదటిది ‘ఓపెనింగ్ ద డోర్, హి వాక్డ్ ఇన్.’ రెండోది ‘హ్యావింగ్ స్టడీడ్ లా ఫర్ ఫైవ్ ఇయర్స్, హి గేవ్ ఇట్ అప్.’ రెండోదాన్ని ‘స్టడీయింగ్ లా ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని మొదలుపెడితే చదువూ వదిలేయడమూ ఒకదానిపై ఒకటి పడి అర్థం చెదురుతుంది. ముగింపు ముఖ్యమైన చోట ‘హ్యావింగ్’, వెంటవెంటనే జరిగిన చోట ఒంటి ‘ఇంగ్’ అని గుర్తుంచుకుంటే చాలు. ‘ఆఫ్టర్’ను వాడితే మాత్రం ‘హ్యావింగ్’ బరువు అక్కరలేదు. ‘ఆఫ్టర్ రీడింగ్ ద లెటర్’ అన్నదే సరిపోతుంది, ఎందుకంటే ముగిసిందన్న సంగతిని ‘ఆఫ్టర్’ అప్పటికే చెప్పేసింది. అదే కారణంగా ‘ఆఫ్టర్ హి రెడ్ ద లెటర్’ అన్నా, ‘ఆఫ్టర్ హి హ్యాడ్ రెడ్ ద లెటర్’ అన్నా తప్పు లేదు. వరుస ఎంత ముఖ్యమన్నదాన్ని బట్టి ‘హ్యాడ్’ను చేర్చుకోవచ్చు.

మన రాతల్లో ‘హ్యావింగ్’ అవసరానికి మించి కనిపిస్తుందన్నది నా గట్టి అభిప్రాయం. తెలుగు వాక్యం ‘లేచి, తయారై, తాళం వేసి, బయల్దేరి’ అంటూ అసమాపక క్రియలను పూసలుగా గుచ్చుకుంటూ పోయి, చివరి సమాపక క్రియ దగ్గర ముడి వేస్తుంది. అది మన వాక్యానికి అందం. అదే దండను ఇంగ్లీషులో గుచ్చబోతే ‘హ్యావింగ్ గాట్ అప్, హ్యావింగ్ డ్రెస్డ్, హ్యావింగ్ లాక్డ్’ అంటూ ఊపిరాడని వాక్యం తయారవుతుంది. ఇంగ్లీషు అక్కడ సమాపక క్రియలనే వరుసగా నిలబెడుతుంది: ‘హి గాట్ అప్, డ్రెస్డ్, లాక్డ్ ద డోర్ అండ్ లెఫ్ట్.’ ఒక వాక్యానికి ఒక ‘హ్యావింగ్’ మించితే దాన్ని తిరగరాయడమే మంచిది.

చూడటం, వినడం వంటి క్రియల తర్వాత ఎంపిక చిన్నదే కాని పదునైనది. ‘ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్’ అంటే అతను దాటుతుండగా చూశాను, అవతలికి చేరాడో లేదో నేను చెప్పడం లేదు. ‘ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్’ అంటే ఇవతల నుంచి అవతలికి చేరేదాకా మొత్తం చూశాను. సాక్ష్యం చెప్పేవారికి ఈ తేడా ప్రాణప్రదం.

కొన్ని క్రియలు ‘వాజ్’ పక్కన ‘ఇంగ్’ను ఒప్పుకోవు. ‘నో’, ‘బిలాంగ్’, ఉండటమనే అర్థంలో ‘హ్యావ్’ అటువంటివి. ‘వెన్ ఐ మెట్ హిమ్, హి వాజ్ నోయింగ్ ద ఆన్సర్’ అనకూడదు, ‘హి న్యూ ద ఆన్సర్’ అనాలి. విచిత్రమేమిటంటే, అదే ‘నోయింగ్’ ఒంటరి పదబంధంగా వచ్చినప్పుడు నిక్షేపంగా నిలుస్తుంది: ‘నోయింగ్ ద వే, హి డిడ్ నాట్ ఆస్క్ ఎనీవన్.’ దారి తెలుసు కాబట్టి ఎవరినీ అడగలేదు. ఇక్కడి ‘ఇంగ్’ పని సాగుతోందని చెప్పడం లేదు, కారణం చెబుతోంది. అందుకే ఆ నిషేధం దానికి వర్తించదు. వ్యతిరేకార్థం కావాలంటే ‘నాట్’ను దాని ముందే పెట్టాలి: ‘నాట్ నోయింగ్ ద వే, హి ఆస్క్డ్ ఎ పోలీస్‌మ్యాన్.’

చివరిగా, ఒకరు అన్న మాటను మనం చెప్పేటప్పుడు వచ్చే ‘ఇంగ్’. ‘వస్తున్నానని చెప్పాడు’ అన్నప్పుడు తెలుగు అతని నోటి మాటను, ‘వస్తున్నాను’ అన్నదాన్ని, చెక్కుచెదరకుండా ‘అని’లో భద్రపరుస్తుంది. ‘చెప్పాడు’ భూతకాలమైనా లోపలి క్రియ కదలదు. ఇంగ్లీషు ‘సెడ్’ తన వెనుక వచ్చే క్రియను కూడా సాధారణంగా వెనక్కి లాగుతుంది, కర్తను కూడా మారుస్తుంది: ‘హి సెడ్ హి వాజ్ కమింగ్.’ ‘హి సెడ్ దట్ ఐ యామ్ కమింగ్’ అని రాస్తే వస్తున్నది అతను కాదు, రాస్తున్న మీరే అవుతారు. చెప్పిన సంగతి ఈ క్షణానికీ నిజమే అయితే ‘షి సెడ్ షి ఈజ్ వర్కింగ్ ఆన్ ఇట్’ అనడానికి ఇంగ్లీషు అనుమతిస్తుంది; ఆమె ఆ పని ఇంకా చేస్తూనే ఉందని మీరు కూడా పూచీ పడుతున్నారని దాని అర్థం. ఆ పూచీ పడలేని చోట ‘వాజ్’ రాయండి.